ఇరవయ్యో నిమిషంలో ఆగే కారు

స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా రిటైరైన మరుసటి ఏడు, తమిళ లెక్కలో మాసి నెల మొదటి సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు నేను మా అక్క ఇంటి షెడ్డులో కొత్త పనిలో చేరాను. ఆర్డరు కాగితమేమీ లేదు. అక్క తాళంచెవి చేతికిచ్చింది, అంతే. డైరీలో మాత్రం మిల్లు పద్ధతిలోనే రాసుకున్నాను: రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, ఇంగ్లండు తయారీ, పదిహేనేళ్లుగా కదలలేదు.

కారు మా బావది. ఆయన పోయాక టార్పాలిన్ కింద ఉండిపోయింది. ఇప్పుడు ఆ షెడ్డులో సర్జికల్ గుడ్డ బేళ్లు పెట్టబోతున్నారు. చిత్తిరై ఒకటికల్లా, అంటే రెండు నెలల్లోపు, ఖాళీ చేయాలి. సేత్తూరులోని మా తోటలో కారుకు చోటుంది. లారీ మీద పంపుదామంటే అక్క ఒప్పుకోలేదు.

"ఆయన్ని మోసుకుపోయినారు, అది చాలు. వండి తానే నడిచి పోవాల. లేదంటే పాత ఇనుముకు ఇచ్చేద్దాం," అంది. వండి అంటే మా వైపు బండే. అక్క ఒక మాట అంటే అంతే.

మా పనిలో మొదటి నియమం, దేన్నయినా విప్పే ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం. అలాగే చేశాను. బిగుసుకుపోయిన పిస్టన్ల మీద వారం రోజులు ఆయిల్ పోసి నానబెట్టి, ఆ తర్వాతే ఇంజన్ని చేత్తో తిప్పాను. పెట్రోలు ట్యాంకు కడిగాను. రబ్బరు గొట్టాలన్నీ మార్చాను. ఈ కారుకు కార్బురేటర్లు రెండు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. చెవి దగ్గర ఒక గొట్టం పెట్టుకుని రెండింటి చప్పుడూ ఒకటయ్యేదాకా సరిచేశాను. మిల్లులో బేరింగులు విన్న చెవి ఇక్కడ పనికొచ్చింది. తర్వాతి నెల, పంగుని రెండో వారంలో ఇంజన్ అందుకునేసరికి వాకిట్లో కాకులన్నీ లేచిపోయాయి. ఆయన దగ్గు కూడా ఇట్లాగే ఉండేదని అక్క నవ్వింది.

చోళపురం వైపు ట్రయల్‌కు తీసుకెళ్లాను. ఇరవయ్యో నిమిషంలో ఆగిపోయింది. అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్టయింది. మర్నాడూ ఇంతే. మిల్లులో నాతో పనిచేసిన ఎలక్ట్రీషియన్ రామసామి వచ్చి, కాయిల్ వేడెక్కుతోందన్నాడు. మార్చాం. కండెన్సర్ కూడా మార్చాం. ఇరవయ్యో నిమిషం మారలేదు. ఇంజన్ వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోందని అనుమానించి, ఇంట్లో ఉన్న, గాయాలకు కట్టే గాజుగుడ్డ తడిపి గొట్టానికి చుట్టాను. రామసామి చూసి, "ఏమప్పా ఫోర్‌మన్, అడ్మిట్ చేసేసినావా?" అన్నాడు.

గడువు ఐదు రోజులకొచ్చింది. చివరి మూడు ట్రయల్స్‌కు అక్క కూడా పక్క సీట్లో కూర్చుంది. మూడోసారి కారు ఆగినప్పుడు, పెట్రోలు ఎంతుందో పుల్లతో కొలుద్దామని ట్యాంకు మూత తీశాను. మూసి తాళం తిప్పగానే స్టార్టయింది. నేను గడియారం చూసి డైరీ తీస్తుంటే అక్క మెల్లగా అంది:

"నువ్వు ఆ ట్యాంకు మూడి తెరిస్తే బుస్సుమంటాది. అప్పుడే వండి లేస్తాది. తెరవకపోతే అరగంట ఎండలో కూర్చుంటాం. మొన్నా నువ్వు తెరిచినప్పుడు ఇట్లే."

ముందే చెప్పొచ్చు కదా అక్కా అన్నాను.

"నువ్వు ఫోర్‌మన్ కదరా. రాసుకుంటా ఉంటివి, సరి, తెలిసే ఉంటాదనుకొంటిని."

ఇంటికి వచ్చి డైరీ వెనక్కి తిప్పాను. మాసి నెలలో నా రాతే ఉంది: 'పెట్రోలు మూతలో సూదిమొనంత చిల్లు. తుప్పు తినేసినట్టుంది. ఈయం కరిగించి టంకం పెట్టి మూశాను.' కింద ఎర్ర సిరాతో 'బాగు' అని కూడా రాసుకున్నాను. అది తుప్పు చేసిన చిల్లు కాదు, తయారుచేసినవాళ్లు పెట్టింది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ దారినే గాలి లోపలికి రావాలి. రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు పెట్రోలు లాగలేదు. అరగంటకు సందుల్లోంచి గాలి చేరితేనో, మూత తీస్తేనో మళ్లీ లాగుతుంది. మిల్లులో చిల్లు కనబడితే మూయాల్సిందే, లేకపోతే దూది నుసి దూరి మోటారు కాలిపోతుంది. ముప్ఫై నాలుగేళ్లు చిల్లులు మూసి మంచిపేరు తెచ్చుకున్న చెయ్యి ఇక్కడా అదే చేసింది.

ఈయం తీసేశాను. చిత్తిరైకి ముందురోజు ఉదయం అక్క కొంగు తలకు చుట్టుకుని కూర్చుంది. బజారులో షేర్ ఆటోల మధ్య చాలాసేపు పాకి, సేత్తూరు రోడ్డెక్కాం. ఇరవయ్యో నిమిషం దాటింది, ఇంజన్ ఆగలేదు. ఇరవై ఐదో నిమిషంలో తోట గేటు కనబడింది. నేను బ్రేకు మీద కాలు పెట్టాను.

"ఆపొద్దురా. ఇంకో చుట్టు పోదాం," అంది అక్క.

పోయాం.

మిల్లులో మిషను ఆగితే నేను మొదట అడిగే ప్రశ్న, చివరగా దీని మీద చెయ్యి పెట్టిందెవరు అని. ఎందరినో అడిగాను, నన్ను నేను అడగలేదు. ఇప్పుడు డైరీలో 'లోపం' అన్న గడి పక్కన 'ఇంతకు ముందు నేను మార్చింది' అని ఇంకో గడి గీసుకున్నాను. అది నింపాకే స్పానర్ తీస్తాను.