మధుసూదన్ గారి అక్షరాల మొహాలు

మా మధుసూదన్ గారికి ఒకటే జబ్బు. ఎవరి ఫొటో చేతికి చిక్కినా, దాన్ని అక్షరాల బొమ్మగా మార్చి కాగితం మీద దింపేదాకా ఊరుకోరు. మారేడ్‌పల్లిలో మా అపార్ట్‌మెంటుకు నేను సెక్రటరీని కనుక, ఆ జబ్బు తాలూకు ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వచ్చేవి.

ఆయన రైల్వేలో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి కంప్యూటర్‌లోకి దించుకున్నారు. ఫొటో ఇస్తే నీడ ఉన్నచోట గీతలెక్కువున్న అక్షరం, వెలుగున్నచోట గీతలు తక్కువున్న అక్షరం పేర్చి అది బొమ్మ కట్టేస్తుంది. మొదట్లో దానికి ఇంగ్లీషే వచ్చు. ఎవరైనా విప్పి మార్చుకోవచ్చని తెలిసి, ఈయన ఆర్నెల్లు కూర్చుని దానికి తెలుగు నేర్పారు.

"జుట్టుకు ఝ, బుగ్గలకు ర. మన ఝ ముందట ఇంగ్లీషోళ్ల అక్షరం ఒక్కటి నిలవది మేడం" అనేవారు గర్వంగా.

చిక్కేమిటంటే ఆ బొమ్మ దగ్గర్నుంచి చూస్తే అక్షరాల కుప్ప. దూరం జరిగితేనే మొహం. అందుకని చూపించిన ప్రతిసారీ "జెర వెనకకు జరుగున్రి" అనేవారు. అలా జరిగే నేను ఒకసారి చెప్పుల స్టాండు మీద కూలబడ్డాను. పెళ్లి కానుకగా ఇచ్చిన బొమ్మను చూడబోయి ఒక పెళ్లికొడుకు జరిగి జరిగి స్టేజీ దిగిపోయాడు. నాలుగో అంతస్తు రామభద్రరావు గారైతే, "ఇంకెక్కడికండీ జరిగేది, చిలకలగూడ దాకా వెళ్లమంటారా?" అని అడిగారు.

అంతటితో ఆగినా బాగుండేది. మెట్ల మలుపుల్లో అంతస్తుకొక బొమ్మ అంటించడం మొదలుపెట్టారు. కింద నీళ్ల మోటారు. మొదటి అంతస్తులో పిల్లి. నాలుగో అంతస్తులో సాక్షాత్తూ రామభద్రరావు గారు.

"మీసమంతా ఢలతో నింపుతారా?" అని ఆయన మండిపడ్డారు.

"ఢ బరువుంటది సార్. మీ మీసం సుత అసొంటిదే."

చివరికి మీటింగు పెట్టి, గోడలకు రంగులేయిద్దాం, బొమ్మలు తీసేద్దాం అని తీర్మానించాం. మధుసూదన్ గారు ఒక్కటే మాటన్నారు. "నెల రోజులు ఆగున్రి మేడం. పని జెర మిగిలున్నది."

గోడ మీది పిల్లికి ఇంకా ఏం పని మిగిలిందోనని అందరం నవ్వాం. ఆయనా నవ్వారు.

ఆదివారం పొద్దున్నే నేనే బొమ్మలు పీకడానికి బయల్దేరాను. మూడో అంతస్తులో రోసమ్మ ఊడుస్తోంది. తొమ్మిదేళ్లుగా మా మెట్లు శుభ్రం చేస్తున్న మనిషి. బొమ్మ మీద చెయ్యి వేయబోతే చీపురు అడ్డం పెట్టింది.

"అమ్మా, గిది తియ్యకున్రి. ళ నాకింక సక్కగ రాలే."

నాకు అర్థం కాలేదు. ఆమే నన్ను కిందికి తీసుకెళ్లి చూపించింది. మోటారు బొమ్మంతా మూడే అక్షరాలు: ర, స, మ. ఆమె పేరులోవి. పిల్లిలో ఇంకో ఆరు కలిశాయి. అంతస్తు ఎక్కుతున్నకొద్దీ అక్షరాలు పెరుగుతూ పోయాయి. గుణింతాలు ఐదో అంతస్తులో ఉన్నాయి.

"సాయంత్రం బడికి పొమ్మన్నడు సారు. ఏబై ఏండ్లకు పలక పడితే నవ్వుతరని నేనే పోలే. గందుకే గోడలకు పెట్టిండు. మెట్లు దిగెటప్పుడు ఒక్కో అక్షరం పలికి చెప్తడు. ఊడ్సుకుంట సదువుకుంటున్న."

ఇన్నాళ్లూ మేమంతా ఆ బొమ్మల నుంచి వెనక్కి జరుగుతుంటే, ఆమె ఒక్కతే దగ్గరికి జరిగిందన్నమాట.

పైకెళ్లి మధుసూదన్ గారి తలుపు కొట్టాను. "చెప్పొచ్చు కదండీ. మిమ్మల్ని చూసి ఎంత నవ్వుకున్నాం."

"నన్ను జూసి నవ్వుతుంటే ఆమె దిక్కు ఎవరు సూడరు గద మేడం. నాకేం తక్లీఫ్ లేదు" అన్నారు.

తర్వాతి నెల మీటింగుకు రోసమ్మ తనంతట తనే వచ్చింది. ఇక దాచేదేముందని, బోర్డు మీదున్న మా తీర్మానాన్ని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. మెట్ల మీది బొమ్మలు చూసే నేర్చుకున్నానంది. రామభద్రరావు గారు గొంతు సవరించుకుని, "నా బొమ్మలో ఏం నేర్చుకున్నావమ్మా?" అని అడిగారు.

"మీ మీసంలనే సార్, ఢ నేర్సుకున్న."

ఆయన మీసం దువ్వుకున్నారు. బొమ్మలు వదిలి చుట్టూ రంగు వేయించాలని కొత్త తీర్మానం ప్రతిపాదించింది ఆయనే.

పోయిన వారం నేనొక నోటీసు అంటించాను. రోసమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"అమ్మా, ఆదివారం కొత్త ట్యాంకు కడుతరా?"

"కొత్తదేంటి? ఉన్నదాన్నే కడుగుతారు."

"మరి గు ఏది?"

చూశాను. నిజమే, 'నీళ్ల ట్యాంకు కడుతారు' అని రాశాను. పాతికేళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని. పెన్ను ఆమె చేతిలో పెట్టాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని, డు పక్కన ఇరికించి గు రాసింది. మిగతా అక్షరాల కంటే కాస్త పెద్దగానే వచ్చింది.

కూరగాయల సంచీతో మెట్లు దిగుతున్న మధుసూదన్ గారు ఆగి చూశారు. కాలరు సర్దుకుని, పెళ్లివారింటికి వెళ్తున్నంత ఠీవిగా బజారుకు వెళ్లారు.