నెఫ్రాలజీ బోర్డు కింద

నిన్న పలాస ఆసుపత్రిలో నెఫ్రాలజీ బోర్డు కింద నా రక్తపరీక్ష రిపోర్టు కోసం భయంభయంగా కూర్చున్నాను.

ఐదో తరగతిలో, నాన్న ఆసుపత్రి చీటీ మీది ఆ మాటకు అర్థం అడిగితే, నెఫ్రోస్ అంటే గ్రీకులో మూత్రపిండమనీ, నెఫ్రైటిస్, నెఫ్రాన్ కూడా అందులోంచే పుట్టాయనీ మాస్టారు చెప్పారు. "కిడ్నీ అచ్చం జీడిపప్పులాగుంటాది" అన్నారు.

అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచేది. ఆ సాయంత్రం ఆమె కొంగుకు అంటుకున్న విరిగిన ముక్క చూసి అమ్మ చెయ్యి పట్టేసుకున్నాను.

"నువ్వు పప్పు ఇరగ్గొడితే నాన్న కిడ్నీ కూడా ఇరిగిపోతాదమ్మా!"

"ఎర్రిదానా! దానికీ దీనికీ ఏటే సమ్మందం?" అని అమ్మ నవ్వుతూ, జీడిరసానికి నల్లబడిన వేళ్ళతో నా తల నిమిరింది.

నిన్న నా పక్కనే కూర్చున్న అప్పలమ్మత్త అప్పట్లో అమ్మతో కలిసి పప్పు ఒలిచిన మనిషి. ఈ సంగతి చెబితే ఆవిడ నవ్వలేదు.

"అందుకేనేటే! మీ నాన్న ఉన్నన్నాళ్ళూ, పప్పు ఇరిగిన రోజు మీయమ్మ అన్నం కేరేజీ ఇప్పీది కాదే."