బాబా కాగితాల్లో నా పాస్‌పోర్ట్

అరబ్బు దేశంలో రుమైథియా అనే పేటలో నేను పనిచేసిన ఇంటాయన చరిత్ర ప్రొఫెసరు. పనివాళ్ళందరిలాగే నేనూ ఆయన్ను బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేదాన్ని. బాబా బతుకంతా ఒకే మనిషిని చదివాడు, అమెరికాలో బానిసలను విడిపించిన అధ్యక్షుణ్ని. క్లాసులో చెప్పిన పాఠాలు, అమెరికా పోయి రాసుకొచ్చిన నోట్సులు, విద్యార్థుల పరీక్ష పేపర్లు, ఏదీ పారేయలేదు. ఆ గది దుమ్ము దులిపీ దులిపీ నాకు తుమ్ములు మిగిలాయి. చాయ్ తీసుకెళ్తే కూర్చోబెట్టి ఆ అధ్యక్షుడి కథ చెప్పేవాడు, సగం అరబ్బీలో, సగం హిందీలో. మంచివాడు. చిక్కంతా అక్కడే, ఆయన మీద గట్టిగా కోపం తెచ్చుకోవడం కూడా కష్టం.

ఆయన రిటైరయ్యాక ఆ కాగితాలన్నీ తీసుకుంటామని యూనివర్సిటీ లైబ్రరీవాళ్ళు అడిగారు. భద్రంగా దాచి, పరిశోధన చేసేవాళ్ళకు చూపిస్తారట. "అట్ట ఫైళ్ళు తెరవొద్దు, వరస చెడగొట్టొద్దు, ఉన్నవి ఉన్నట్టే పెట్టెల్లో పెట్టు" అన్నాడు బాబా. అట్లాగే సర్ది, టేపు వేసి, లైబ్రరీ బండి ఎక్కించాను.

ఇంక రెండు రోజుల్లో నా విమానం. కడపలో మా అక్కకు ఆపరేషన్. నా కూతురు ఆమె దగ్గరే పెరుగుతోంది. పాస్‌పోర్ట్ అడిగితే బాబా నవ్వుతూ వెళ్ళి బీరువా తెరిచి, అక్కడే నిలబడిపోయాడు. అరలన్నీ ఖాళీ. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే తీసుకున్న పాస్‌పోర్ట్‌ను, ఎక్కడికీ పోదని, తన పాఠాల అట్టలో పెట్టాడట. దాన్ని నా చేతులతో నేనే బండెక్కించాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది.

"ఏమే, పాస్‌పోర్ట్ చేతికొచ్చిందా? బుధవారం నన్ను లోపలికి తీసకపోతారంట. పాప ఎవురి దగ్గరుంటాది?"

"వచ్చిందిలేక్కా, బ్యాగు సర్దుకుంటా ఉండా" అన్నాను.

సర్దిన బట్టలే తీసి మళ్ళీ సర్దాను. వంటింటి నుంచి గేటు దాకా, గేటు నుంచి వంటింటికి తిరిగాను. కాసేపు కూర్చోమంది మామా, నన్ను చూస్తుంటే తనకు తల తిరుగుతోందని. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు.

మరునాడు పొద్దున్నే "యల్లా, పద" అంటూ బాబా నన్ను కారెక్కించాడు. లైబ్రరీలో ఆ కాగితాలు చూసే ఆవిడ మెత్తగానే మాట్లాడింది గానీ పట్టు వదల్లేదు.

"పెట్టెల్లో వచ్చిందంతా మీ సేకరణే ప్రొఫెసర్. నమోదు చేయకుండా చీటీ ముక్క కూడా బయటికి పోదు. దానికి వచ్చే వారం అవుతుంది."

"రేపు ఈమె విమానం" అన్నాడు బాబా.

అంత పెద్దమనిషి బల్ల మీద చేతులు పెట్టి బతిమాలుతుంటే జాలేసింది. ఆ వెనకే కోపమూ వచ్చింది. నా వస్తువు కోసం ఆయన బతిమాలడమేమిటి? ముందుకెళ్ళి, వచ్చీరాని అరబ్బీలో, "అది ఆయన కాగితం కాదు, నాది. అందులో నా ఫొటో ఉంది" అన్నాను.

ఆవిడ నా మొహం చూసి, పెట్టెలు తెప్పించింది. మధ్యాహ్నం దాకా ఒక్కో అట్టా తెరిచారు. చివరికి ఒక పాఠం మధ్యలో దొరికింది. అది ఏ పాఠమో నాకు తెలీదు, బాబా మాత్రం ఆ అట్ట గబుక్కున మూసేశాడు. ఆవిడ పాస్‌పోర్ట్‌ను బాబా చేతికే ఇచ్చింది. బాబా అలవాటుగా జేబులో పెట్టుకున్నాడు.

కారు కదలగానే అడిగాను.

"ఇంటికి వెళ్ళాక ఇస్తాను. నీ దగ్గరుంటే పారేసుకుంటావు" అన్నాడు.

పోగొట్టింది ఎవరు బాబా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చాయ్ ఇచ్చినప్పుడల్లా విన్న ఆ అధ్యక్షుడి కథను ఆయనకే తిరిగి చెప్పాలనిపించింది. రేపు విమానం, ఇవాళ నోరు జారితే ఎక్కడికి దారితీస్తుందోనని భయం. వెనక సీట్లోంచి ముందుకు చెయ్యి చాచాను.

"ఇంటికి వెళ్ళాక అన్నానుగా. ఖలాస్" అన్నాడు.

చెయ్యి తీయలేదు. భుజం లాగింది. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఆయన నా చేతి వైపు చూశాడు. పచ్చలైటు పడింది, వెనక హారన్లు మొదలయ్యాయి. అప్పుడు జేబులోంచి పాస్‌పోర్ట్ తీసి నా అరచేతిలో పెట్టాడు. పెట్టాడే గానీ వేళ్ళు వదల్లేదు. నేను లాక్కోవాల్సి వచ్చింది.