‘ఈ వారం కొనొద్దు’ అని రాసినందుకు

నేను రాయని ఉత్తరం కింద నా పేరు పెట్టి, మా మండీ కాయలు కొనేవాళ్లందరికీ పంపించినారు. ఒకటి కాదు, వరసగా నాలుగు. ముందు నన్ను అడగలేదు. పంపినాక చెప్పనూ లేదు.

కాగితం మీది ఉత్తరాలు కావు, ఈమెయిళ్లు. రెండువేలు దాటిన కొత్తలో మాట. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో మాదొక మామిడికాయల మండీ. మాదంటే మండీ యజమానిది, మేం ఆసామి అనేవాళ్లం; నేను ఆడ ముప్పై ఏండ్లు కాయ ఏరినవాణ్ణి. కొండకు వచ్చిపోతా కారు ఆపి పెట్టె కొనుక్కునే తెలుగువాళ్లు, మద్రాసులో ఉండేవాళ్లు, సూళ్లూరుపేట వాళ్లు, మా పొడుగు నోటుబుక్కులో తమ ఈమెయిల్ రాసి, కాయ వస్తే కబురు చేయమనేవాళ్లు. ఆ పని ఆసామి నాకు అప్పజెప్పినాడు. నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు పురుగుమందు డబ్బాల మీద చూసి నేర్చుకున్నాను. పాకాలలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో ఒంటివేలితో కొట్టేవాణ్ణి.

మొదట్లో నేనూ గోడ మీద రాతల్లాగే రాసినాను. తేనెలూరే బేనిషా, త్వరపడండి అని. బంగినపల్లిని మా దిక్కు బేనిషా అంటారు. ఒక్కరూ బదులు రాయలేదు.

మా మండీల్లో ఒక పద్ధతి ఉండాది. కొనేవాడు కుప్ప మధ్యలో చెయ్యి పెట్టి ఏ కాయ తీసిస్తే దాన్నే కోసి చూపించాల. అమ్మేవాడు తనకు నచ్చిన కాయ ఏరి కోస్తే చుట్టూ ఉండేవాళ్లు నవ్వుతారు. ఎదురుగా నిలబడిన మనిషికి చేసేది, కనపడని మనిషికి ఎందుకు చేయకూడదని తోచింది. ఒక వారం, తెరవకముందే కనిపించే వరసలో ‘ఈ వారం కొనొద్దు’ అని పెట్టినాను. బేనిషా ఇంకా ముదరలేదు, పది దినాలు ఆగండి. ఇప్పుడు అంగళ్లలో మెరిసేదంతా మందు పెట్టి మాగేసింది. మొన్నటి గాలికి రాలిన తోతాపురి ఉండాది, ఊరగాయకు పనికొస్తుంది, మా ఇంట్లో ఉప్పు ఇంత, ఆవపిండి ఇంత వేస్తారు. అంతే రాసినాను. మర్నాడు పోయి చూస్తే తొమ్మిది బదుళ్లు. ఒకాయన ఉప్పు దగ్గర నాతో వాదం పెట్టుకున్నాడు. వాదం పెట్టుకున్నాడంటే ఆఖరిదాకా చదివినాడనే కదా.

అట్ల రెండు సీజన్లు నడిచింది. వారానికొక ఉత్తరం, చెప్పేదేమీ లేకపోతే అదీ లేదు.

మూడో ఏడు ఆసామి అల్లుడు బెంగళూరులో వ్యాపార చదువు ముగించుకొని వచ్చి మండీలో కూర్చున్నాడు. ఆ వారం నేను రాసిపెట్టుకున్నది నీలం మామిడి గురించి. వానలు పడినాక వచ్చే నీలంలో టెంకలో పురుగుంటుంది, పైకి తెలీదు, కొరికి తినొద్దు, కోసుకొని తినండి అని. అది చదివి ఆయన తల పట్టుకున్నాడు. పంపనీయలేదు. పాస్‌వర్డ్ మార్చేసి, కింద నా పేరు పెట్టి తనే రాసినాడు: ఆఖరి అవకాశం, రెండే దినాలు. రెండు దినాలు పోయినాక మళ్లీ ఆఖరి అవకాశం. పాత గిరాకీ ఒకాయన మండీకి వచ్చి, నీకు ఎన్ని ఆఖర్లప్పా అని ఎగతాళి చేస్తేగానీ నాకు సంగతి తెలియలేదు.

పోయి అల్లుణ్ణి అడిగినాను. ఆయన నిదానంగానే మాట్లాడినాడు.

“పురుగుండాదని మనమే చెప్పుకుంటామా పెద్దాయనా?”

“ఉండాది కదప్పా.”

“పక్క మండీవాడు చెప్తాడా?”

“వాని పేరు పెట్టి రాసుకోపో. నా పేరు ఎందుకు పెట్టినావు?”

“మీ పేరుంటేనే జనం తెరుస్తారు కాబట్టి.”

నాకు ఒళ్లు మండింది. తెరుస్తారని తెలుసుకున్నాడు, ఎందుకు తెరుస్తారో తెలుసుకోలేదు. ఆసామి దగ్గరికి పోతే ఆయన నా మొహం చూడలేదు. ఇంటి అల్లునికీ నీకూ మధ్య నన్ను పెట్టొద్దన్నాడు. మళ్లీ ఈమెయిల్ అని కూర్చుంటే మండీకి రావద్దన్నాడు.

నేను కూర్చున్నాను. పాస్‌వర్డ్ మారింది గానీ మండీ నోటుబుక్కుకు నా చేత్తో రాసుకున్న నకలు ఇంట్లో ఉండాది. కొత్త ఖాతా తెరిచి, ఒక్కొక్క పేరే చూసి కొట్టేసరికి మధ్యాహ్నమంతా పట్టింది. పై వరసలో ‘నీలంలో పురుగుంది’ అని పెట్టినాను. కింద ఇట్ల రాసినాను: పోయిన నాలుగు ఉత్తరాలూ నావి కావు. నీలం కోసుకొని తినండి. ఇది పంపినాక మండీలో నాకు పని ఉండదు. మీకు నా ఉత్తరాలు వద్దనుకుంటే చెప్పండి, పేరు కొట్టేస్తాను.

మర్నాడు మండీ గేటు దగ్గరే నన్ను ఆపేసినారు. దానికి నేను బాధపడలేదు, ఈ రోజుకూ పడను. నన్ను తినేసింది వేరే. మూడు దినాలు పాకాలకు పోయి చూసినాను, ఒక్క బదులూ లేదు. నాలుగుసార్లు మోసపోయినవాళ్లు ఐదోసారి ఆ పేరు చూసి ఎందుకు తెరుస్తారు? ముప్పై ఏండ్ల కొలువు పోతే పోయింది, నా మాట కూడా పోయిందా అనుకున్నాను. అయినా నాలుగో దినం మళ్లీ పోయినాను.

సూళ్లూరుపేట నుంచి ఒక టీచరమ్మ రాసింది:

“నా పేరు కొట్టేయమని పోయిన వారమే రాశాను. ఎవరూ చూసినట్టు లేదు. ఆ నాలుగూ చదవకుండానే తీసేశాను. ఇదీ తీసేసేదాన్నే, పురుగు మాట చూసి ఆగాను. నేను కోసుకునే తింటాను, మా ఆయన కొరుకుతాడు. ఆయనకు చదివి వినిపించాను, చేతిలో కాయ కింద పెట్టేశాడు. నా పేరు ఇప్పుడు కొట్టేయొద్దు. మీరు ఏ మండీకి మారితే ఆ మండీ పేరు రాయండి.”