అల్లుడు తోలిన బస్సు

మా ఎదురింటి ప్లీడరు గారు పోయిన శుక్రవారం పొద్దున కాలం చేశారు. కబురు చెప్పడానికి వచ్చిన కోర్టు బంట్రోతు మా గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. నేను పోతే వీడు ఇట్లా ఏడుస్తాడా అన్న ఆలోచన నాకు ముందు వచ్చింది. దుఃఖం తర్వాత వచ్చింది. ఆయన మీద నా కుళ్ళు అంత పాతది.

మార్కాపురం కోర్టులో ఇద్దరం ప్లీడర్లమే. నా కోటు మంచిది, ఇంగ్లీషు ఇంకా మంచిది. అయినా పల్లెలవాళ్ళు నా గుమ్మం దాటుకుని పోయి ఆయన అరుగెక్కేవారు. వాళ్ళు "మామా" అనేవారు. ఆయన "ఏందిరా, గొర్రెలకు గాలికుంటు తగ్గిందా?" అని మొదలుపెట్టేవారు. కాగితాలు ఆ తర్వాతే. "నొప్పి ముందు అడగాలప్పా, కేసు యాడికీ పోదు" అని నాకూ చెప్పేవారు. నాకు ఒళ్ళు మండేది.

మా వైపు బస్సులు కొత్తగా తిరుగుతున్న రోజుల్లో పెద్దారవీడు దగ్గర మేకలు కాసుకునే ఒక ముసలామె మార్కాపురం బస్సెక్కింది. ముందు పోయే బస్సును దాటేసి, దారిలోని జనాన్ని తానే ఎక్కించుకోవాలని డ్రైవరు ఉరికించాడు. వాగు వాలులో బస్సు పక్కకు పడింది. ఆమె కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా పిడికిలి బిగియలేదు. పిడికిలి బిగియకపోతే పాలు పిండలేదు, మేకలమ్ముకుంటే బతుకు లేదు. నష్టపరిహారం ఇమ్మని బస్సు యజమాని మీద దావా వేసింది. ఆమె పక్షాన ఎదురింటాయన, యజమాని పక్షాన నేను.

అప్పట్లో మా కోర్టులో తీర్పు చెప్పే మునసబు గారు తంజావూరు వైపు మనిషి. తెలుగును పుస్తకాలు చదివి నేర్చుకున్నారు.

"బస్సు ఎవరు తోలినారమ్మా?" అని ఎదురింటాయన ఆమెను అడిగారు.

"మా అల్లుడు తోలినాడు సామీ. మెల్లగ పోనీ అల్లుడా అని మొత్తుకున్నా, ఇనలేదు."

మునసబు గారు తలెత్తారు. నేను దిగ్గున లేచాను. "అల్లుడేనా?"

"అల్లుడే సామీ. మరేమని పిలవాల?"

ఛార్జీ ఇచ్చి ఎక్కిన మనిషైతే యజమాని బాధ్యుడే. డ్రైవరు తన అత్తను ఊరికే ఎక్కించుకుంటే యజమాని ఎందుకు పూచీ పడాలి? ఇదీ నా వాదన. ఆ బస్సులో టిక్కెట్లు ఇచ్చే వాడుక లేదు, డ్రైవరే డబ్బులు తీసుకునేవాడు. ఆమె ఇచ్చిందనడానికి రుజువెక్కడ? మునసబు గారు తలాడిస్తూ రాసుకున్నారు. మన వైపు పెద్ద వయసు ఆడమనిషి ఎవరైనా అత్తే, ఆమెకు కుర్రాడెవడైనా అల్లుడేనని ఆయనకేం తెలుసు? నాకు తెలుసు. కక్షిదారు కోసం వాదించడం నా వృత్తి, ఇప్పటికీ అదే అంటాను.

డ్రైవరును బోనెక్కించి, ఆమె నీకేమవుతుందని అడిగాను. "అత్త సార్" అన్నాడు.

ఎదురింటాయన నిదానంగా లేచారు. సాక్షిని గద్దిస్తే తలుపేసుకుంటాడు, పలకరిస్తే ఇల్లంతా చూపిస్తాడు అనేది ఆయన మాట.

"ఏందిరా, తలకు తగిలిన దెబ్బ మానిందా?"

"మానింది మామా."

"మొన్న సంతరోజు నీ బస్సెక్కితి కదా. నా దగ్గర ఛార్జీ తీసుకున్నావా?"

"తీసుకోకుంటే యజమాని ఊరుకుంటాడా మామా!"

"మామ దగ్గర తీసుకున్నోడివి, అత్త దగ్గర వదిలిపెడితివా?"

"ఎవురినీ వదల్లేదు మామా. అత్త కూడా ఇచ్చింది."

కోర్టు గొల్లుమంది. గుమాస్తా చెవిలో విడమరిచి చెప్పాక మునసబు గారు కూడా నవ్వారు. తీర్పు ఆమెకే వచ్చింది. పాలు పిండడానికి మనిషిని పెట్టుకుని మేకలు నిలుపుకుంది.

ఓడినందుకు నాకు బాధ లేదు. నేను కూర్చోబెట్టి చెప్పి తెచ్చిన నా సాక్షి, ఆయన్ను మామా అన్నాడు, నన్ను సార్ అన్నాడు. అదీ నా కడుపుమంట. ఆ సాయంత్రం ఆయనే మా ఇంటికొచ్చి, "నీ వాదన గట్టిదేనప్పా, ఈ ఊళ్ళో చెల్లలేదు అంతే" అన్నారు. కాఫీ తాగి పోయారు. ఆ మంచితనానికి నాకు మరింత మండింది.

తర్వాత నేనూ అరుగు మీద కూర్చుని గాలికుంటు సంగతి అడిగి చూశాను. "తగ్గినాది సార్" అని చేతులు కట్టుకుని లేచి నిలబడేవాళ్ళు. ఒకసారి నేను టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు నా వాయిదాలన్నీ ఆయనే చూశారు, నా కక్షిదార్లలో ఒక్కరికీ నష్టం రానివ్వలేదు. ఆ రుణం తీరేది కాదు. కానీ నేను కోలుకుని కోర్టుకు పోయేసరికి వాళ్ళు కూడా ఆయన్ను మామా అంటున్నారు!

శుక్రవారం మధ్యాహ్నం నేనూ భుజం పట్టాలని పోయాను. కొమరోలు నుంచి, కనిగిరి నుంచి వచ్చిన జనంతో వీధి నిండిపోయింది. మామా మామా అని గుండెలు బాదుకుంటున్నారు. పాడె ముందువైపు ఎత్తుకున్నది ఆ డ్రైవరే. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక ముఖమంతా తడిగా ఉంది. నన్ను చూశాడు.

"ప్లీడరు సారొచ్చినాడు, జరగండి, దారియ్యండి!" అని కేకేశాడు.

అందరూ మర్యాదగా, ఒకరినొకరు తోసుకుంటూ వెనక్కి జరిగారు. నా చుట్టూ ఖాళీ అయింది. పాడె ముందుకు సాగిపోయింది.