పాప నీళ్లు

మా పెద్దల ఆస్తిలో ఇప్పటికి మిగిలినవి రెండు వస్తువులు. ఒకటి, ఎత్తయిన వీపున్న టేకు కుర్చీ. రెండోది, నడుమెత్తు రాగి గంగాళం. మా తాత ఈ కొండల్లో ముఠాదారు. చుట్టుపక్కల ఊళ్ల శిస్తు వసూలు చేసి కిందికి పంపే పెద్దరికం మాది. ఆ పెద్దరికం చట్టంతో పోయింది, భూములు పంపకాల్లో పోయాయి, పెంకుటిల్లు సగం వానలకి కూలిపోయింది. మిగిలిన సగంలో నేనూ నా భార్యా ఉంటున్నాం. ఇంటి వెనక కొంచెం కాఫీ తోట ఉంది, సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకిన మిరియాల తీగలున్నాయి. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతకడానికి మాకు అవి చాలు.

మా తాత నడివయసులో క్రీస్తు మతం పుచ్చుకున్నాడు. సారా మానేశాడు, కోడి బలులు మానేశాడు, కొండదేవత జాతరలో కూర్చునే పీట కూడా వదులుకున్నాడు. ఒక్కటి మాత్రం వదల్లేదు. మా ఇంట్లో ఊళ్లో వేరేవాళ్ల ఇళ్ల నీళ్లు ముట్టేవాళ్లు కాదు. ఈ కొండల్లో ఎవరి హోదా ఎంతో, ఎవరి ఇంటి నీళ్లు ఎవరు తాగుతారన్న దాన్నిబట్టి తెలిసేది. బాప్తిస్మం నీళ్లు ఒకటీ, ఊరి నీళ్లు వేరొకటీ అన్నట్టు తాత నడుచుకున్నాడు. నాన్నా అంతే, నేనూ అంతే. వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం ఎలా అబ్బిందో నాకు ఇదీ అలాగే అబ్బింది.

తాత రోజుల్లో క్రిస్మస్ అంటే గంగాళం నిండా మాంసం కూర, ఇంటికో కంబళి. ఆయన ఆ కుర్చీలో కూర్చుంటే ఊరంతా వరసగా వచ్చి పుచ్చుకునేది. నాన్న వేళకి కంబళ్లు తువ్వాళ్లయ్యాయి. నా వేళకి వెదురుబద్దల నక్షత్రం, చోడిపిండి అరిసెలు, పాడేరు నుంచి తెచ్చిన కేకూ మిగిలాయి. కూర వండే స్తోమత లేక, క్రిస్మస్ పొద్దున ఇంటిల్లిపాదికీ తలంట్లకి గంగాళంలో నీళ్లు కాచడం మొదలుపెట్టాం. డిసెంబరులో ఇక్కడి చన్నీళ్లు ఒంటిని కొరుకుతాయి. గంగాళం నిండా వేడినీళ్లుండడం కూడా దర్జాయే అనుకున్నాను.

మాకు ఆలస్యంగా ఒక్కతే కూతురు పుట్టింది. ఎవరి పొయ్యి దగ్గరైనా కూర్చునేది, ఎవరి కుండలోనైనా ముంచుకు తాగేది. ఆటల నుంచి వచ్చేసరికి గడ్డం తడిగా ఉండేది. "గెడ్డం తుడుసుకునిరా, నానమ్మ సూత్తాది," అని నా భార్య గుమ్మంలోనే ఆపేది. నా భార్యది చోడవరం వైపు రైతు కుటుంబం. ఈ నీళ్ల పట్టింపు ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. మా అమ్మకి మాత్రం అదే ప్రాణం.

పాపకి ఏడేళ్లప్పుడు వచ్చిన క్రిస్మస్ పొద్దున, గంగాళంలో నీళ్లు కాగీ కాగగానే, నేనింకా లేవకముందే, అది వీధిలోకి పోయి, "నీల్లు కాగినాయి, రండర్రా," అని కేకేసింది. ఊరి పిల్లలంతా వచ్చిపడ్డారు. మా అమ్మ తేరుకునేలోగా గంగాళం అడుగంటింది. నాకు చన్నీళ్లు మిగిలాయి. పళ్లు టకటకమంటుంటే చర్చికి బయలుదేరాను. పాప నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "సన్నీల్లు పోసుకుంటే ఏటవుద్ది నాన్నా, బేగి ఎండ వచ్చేత్తాది కదా," అంది.

ఆ తరవాతి వానాకాలంలో పాపకి జ్వరం వచ్చింది. రోడ్డెక్కేదాకా డోలీలో మోశారు. మోసినవాళ్లలో మేం నీళ్లు ముట్టని ఇళ్లవాళ్లే ఎక్కువ. ఆసుపత్రికి చేరాం. అక్కడివాళ్లు చెయ్యగలిగిందంతా చేశారు. పాప దక్కలేదు.

ఆ ఏటి క్రిస్మస్‌కి ఇంట్లో నక్షత్రం కట్టలేదు. నా భార్య మాత్రం చీకటితోనే లేచి గంగాళం కింద మంట పెట్టింది. నీళ్లు కాగాక వీధిలోకి వెళ్లి, పాప అన్న మాటే కేకేసింది. మొదట ఎవరూ కదల్లేదు. తరవాత ఒక్కొక్కరే తువ్వాళ్లతో వచ్చారు. మా అమ్మ కూడా అడ్డుపడలేదు.

అప్పటి నుంచి ఏటా అదే. మగపిల్లలకి వాకిట్లో, ఆడపిల్లలకి తడిక వెనక. సబ్బు, కొబ్బరినూనె, ఆ పైన తలా ఒక గ్లాసు బెల్లం కాఫీ. మా తోట కాఫీయే. నీళ్లూ పొయ్యీ అంతా నా భార్య చూసుకునేది. నేను కుర్చీలో కూర్చుని చూసేవాణ్ణి. అందరూ అయ్యాక చన్నీళ్లు పోసుకుని చర్చికి వెళ్లేవాణ్ణి. నీళ్లు మిగిలినా అంతే, అది నా లెక్క. పిల్లలు దాన్ని పాప నీళ్లు అంటారు. ఇప్పటి పిల్లల్లో పాపని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఏడాదికి ఒక పొద్దున ఆ మాట ఊరంతా వినిపిస్తుంది. అమ్మ కూడా పోయింది. ఆ పొద్దున తప్పిపోతే మా పాపని తలుచుకునే నోరు ఈ ఊళ్లో మా ఇద్దరిదే.

కిందటి డిసెంబరులో నా భార్య కాఫీ పళ్లు కోస్తూ గట్టు మీంచి జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. మోచేతి దాకా కట్టు వేశారు. పండగ ముందురోజు పాదిరిగారు పరామర్శకి వచ్చారు.

"ఈసారి పిల్లల స్నానాలు సంఘం ఆడవాళ్లు చూసుకుంటారండి. చర్చి వెనక గ్యాస్ పొయ్యి ఉంది. మీ గంగాళం ఒక్కటీ పంపండి," అన్నారు.

"మా గంగాళం మా వాకిలి దాటదు," అన్నాను.

పాదిరిగారికి నేను అలవాటే. రెండు అరిసెలు తిని, ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

"ఏటి, అలా అనీసారు?" అంది నా భార్య. "నా సెయ్యి సూడండి. నీల్లెవరు తోడతారు?"

"నేను."

"మీరా," అంది. ఆ ఒక్క మాటతో నాకు పట్టుదల ఇంకా పెరిగింది.

సముద్రంలో వాయుగుండం పట్టి రెండురోజులుగా ముసురు. పండగ పొద్దున కుళాయి తిప్పితే గాలి వచ్చింది. పైన ఊటగెడ్డ దగ్గర మట్టి జారి పైపు ఊడిపోయిందన్నారు. నేను అటక మీంచి కావిడి దింపాను. మా ఇంట్లో కావిడి ఉండేది పనివాళ్లకోసం. ఇప్పుడు పనివాళ్లు లేరు, కావిడి ఉంది. నా భార్యని వసారాలో ఆ టేకు కుర్చీలో కూర్చోబెట్టి, బిందెలు తగిలించుకుని ఊరి కింద పారే గెడ్డకి దిగాను.

మొదటి కావిడితో పైకి వచ్చేసరికి ఊరంతా అక్క అనే వరసలో అప్పా అని పిలిచే ఎదురింటి ముసలావిడ గుమ్మంలో అడ్డాకుల విస్తర్లు కుడుతూ కూర్చుంది.

"ఓలమ్మా," అంది. "దొరబాబు కావిడెత్తినారు. ఇంక నాను సచ్చిపోయినా పరవానేదు, అన్నీ సూసీసినాను."

"నవ్వించకు అప్పా, నీళ్లు ఒలుకుతాయి."

"ఒలకడానికి అందులో ఏటుంది బాబూ? సగం దారికే తాపీసినారు." ఆకు పక్కన పెట్టింది. "మా గుంటడ్ని పంపనా?"

"అక్కర్లేదు."

ఆమె అన్నది నిజమే. బురదలో కాలు జారినప్పుడల్లా బిందెలు ఊగి సగం నీళ్లు దారికే పోతున్నాయి. చాలాసార్లు తిరిగితే గంగాళం సగానికి వచ్చింది. కట్టెలు ముసురుకి నానిపోయి ఉన్నాయి. ఊదుగొట్టంతో ఎంత ఊదినా పొగ తప్ప మంట లేదు. కళ్లు మండి నీళ్లు కారుతుంటే, నా భార్య కుర్చీలోంచి, "పక్కకి తిరిగి ఊదండి, ఎదురుగా కాదు," అని ఆజ్ఞలిస్తోంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అలాగే మాట్లాడతారు కాబోలు.

పిల్లలు రావడం మొదలుపెట్టారు. భుజాన తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లో కొత్తబట్టలు. వసారాలో చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు.

"తాతా, పాప నీల్లు కాగినాయా?"

"కాస్త ఆగండి."

ఒకడు వచ్చి గంగాళంలో వేలు ముంచాడు. వెనక్కి తిరిగి మిగతావాళ్లకి చెప్పాడు. "ఇందులో సేపలు సక్కగా బతుకుతాయర్రా."

అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. నేను ఊదుగొట్టం మళ్లీ అందుకున్నాను.

అప్పుడే చర్చి మొదటి గంట మోగింది. రెండో గంటకి ఆరాధన మొదలవుతుంది. ఆ రెండు గంటల మధ్యే ఏటా మా పిల్లల స్నానాలు ముగిసేవి. వసారా చివరనున్న ఒక పిల్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని, "పదరా, ఇంటికాడే మొకం కడిగీసుకుందాం," అని మెట్లు దిగింది. వాళ్ల వెనక ఇంకో ఇద్దరు దిగారు. వీధిలోకి పోతున్న ఆ తువ్వాళ్లని చూస్తూ నిలబడ్డాను. వీళ్లు ఇలా ఒక్క ఏడు వెళ్లిపోతే మరుసటేడు రారు. ఆ సంగతి నాకు తెలుసు.

"ఏవండీ," అంది నా భార్య. ఇప్పుడు గొంతులో ఆజ్ఞ లేదు. "అడగండి."

"ఎవర్ని?"

"అందర్నీ."

ఆమె దేని గురించి అంటోందో తెలుసు. పండగ పొద్దున. వీధి పొడుగునా ప్రతి కప్పులోంచీ పొగ వస్తోంది. ప్రతి పొయ్యి మీదా గెడ్డ నీళ్లో, ముందురోజు పట్టినవో కాగుతూనే ఉంటాయి.

ఊదుగొట్టం కింద పెట్టి వీధి దాటాను. ఇరుకు వీధి, నాలుగడుగులుంటే ఎక్కువ. మా నాన్న ఆ నాలుగడుగులూ ఎప్పుడూ వెయ్యలేదు. నా వీపు ఏమీ వంగలేదు గానీ, గొంతు మాత్రం వేరేవాళ్లదిలా వచ్చింది.

"అప్పా, మీ పొయ్యి మీద కాగిన నీళ్లున్నాయా?"

ముసలావిడ చేతిలో ఆకు కింద పెట్టింది. ఇప్పుడు నవ్వడం లేదు.

"ఉన్నాయి బాబూ. మా ఇంటి నీల్లు మీ గంగాళంలో పడొచ్చా?"

పక్క గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడి వింటున్నారు.

"పడొచ్చు," అన్నాను.

"మీ గుంట, ఆ పాప, ఎప్పుడూ అడగనేదు," అంది ఆమె లేస్తూ. "వొచ్చీది, ముంచుకునీది, తాగీసి పోయీది."

"నాకు తెలుసు."

"మీకు తెల్సని నాకూ తెలుసు బాబూ. మీరు ఈదిలో ఎల్తా మొకం అటు తిప్పుకునీవోరు." లోపలికి పోతూ కొడుకుని కేకేసింది. "ఒరే, ఆ డేక్సా దింపు. బేగి."

ఆ డేక్సా ముందు వచ్చింది. వెనకే పక్కింటి మట్టికుండ, ఆ వెనక ఇంకొకరి ప్రెషర్ కుక్కరు. కొత్తగా పెళ్లయిన జంట కరెంటు రాడ్డుతో కాచిన ప్లాస్టిక్ బకెట్ తెచ్చారు. ఒక కుండ నీళ్లలో పొగ వాసన, ఇంకోదాంట్లో పసుపాకు వాసన. అన్నీ పొగలు కక్కుతూ మా గంగాళంలో పడ్డాయి. మెట్లు దిగి పోయిన పిల్లలు తమ ఇంటి బిందెతోనే తిరిగి వచ్చారు. ఇందాకటివాడు మళ్లీ వేలు ముంచి చటుక్కున తీసేశాడు.

"సేపలు సచ్చినాయి తాతా."

ఆ పైన వాకిలి చూడాలి. పెద్ద ఆడపిల్లలు తడిక వెనక చిన్నవాళ్లకి తలలు రుద్దారు. మగపిల్లలకి నేనే చెంబుతో పోశాను. కళ్లలో సబ్బు పడిందని ఒకడు ఏడుపు, నూనె చాల్లేదని ఒకత్తె పేచీ. ముసలావిడ కొడుకు పొడి కట్టెలు తెచ్చి మంట సరిచేసి, అదే మంట మీద బెల్లం కాఫీ పెట్టాడు. ముసురు ఆగింది. ఎండ రాలేదు గానీ కొండ కనపడింది.

అందరూ అయ్యాక నేను చన్నీళ్ల బిందె దగ్గరికి వెళ్లబోయాను.

"గంగాళంలో ఉన్నాయి," అంది నా భార్య.

"నా లెక్క వేరు."

"మీ లెక్క నాకు తెల్దా? పాప మీకు సన్నీల్లు మిగలాలని పోసీలేదు కదా. అందరికీ పొయ్యాలని పోసీసింది. ఈయేడు అందరూ మీకు పోసినారు. పోసుకోండి."

పోసుకున్నాను. ఇన్నేళ్లకి క్రిస్మస్ పొద్దున వేడినీళ్లు. ఎవరి ఇంటివో విడదీసి చెప్పలేను, వెచ్చగా మాత్రం ఉన్నాయి.

చర్చికి చేరేసరికి రెండో గంట మోగి చాలాసేపయింది. సగం బెంచీలు ఖాళీగా ఉండడం చూసి పాదిరిగారు కీర్తన మీద కీర్తన పాడిస్తున్నారు. తడి తలలతో పిల్లలు నా ముందు నుంచి వెళ్లి చాపల మీద కూర్చున్నారు. వాళ్ల తలల్లోని కొబ్బరినూనె వాసనే ప్రసంగం అయ్యేదాకా నా దగ్గర ఉంది.

మధ్యాహ్నం మా వసారాలో పదిమంది చేరారు. కుర్చీ నాకు తిరిగి వచ్చింది. కూర్చుని గొంతు సవరించుకున్నాను.

"వచ్చే ఏడు పైపు బాగున్నా సరే, ఇంటికో బిందె నీళ్లు రావాలి," అన్నాను.

"ఆర్డరా బాబూ?" అంది ముసలావిడ.

"ఆర్డరే."

"అలాగే తెత్తాం. కావిడి మాత్రం మీరే ఎత్తాల. మేం సూడాల."

అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. పొద్దుటి కావిడి మోతకి గొంతు ఎండిపోయి ఉంది. పైపు ఇంకా బాగుపడలేదు, మా ఇంట్లో తాగే నీళ్లు లేవు.

"అప్పా, దాహంగా ఉంది," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, తన ఇంటికి వెళ్లి చెంబు తెచ్చింది. తలెత్తి గటగటా తాగేశాను. ఊట నీళ్లే, మేం తాగే గెడ్డవే. సగం గడ్డం మీంచి కారి చొక్కా మీద పడ్డాయి.

"గెడ్డం తుడుసుకోండి," అంది నా భార్య.

తుడుచుకోలేదు.