సున్నం మందెట్లయితాది

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడు కర్నూలులోని ఒక ఆసుపత్రిలో రేడియాలజీ విభాగాధిపతిగా చేరాను. విభాగాధిపతి అంటే ఫిల్ములు చూసి రిపోర్టు మీద సంతకం పెట్టడం, ఎవరూ చదవని రెండో పేజీని శ్రద్ధగా రాయడం.

బేతంచెర్ల నుంచి సువార్తమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగులుతోంది. ఇలాంటప్పుడు ముందు మామోగ్రామ్ తీస్తాం. రొమ్మును రెండు పలకల మధ్య అదిమి తీసే ఎక్స్‌రే అది. తర్వాత అల్ట్రాసౌండ్. మామోగ్రామ్‌లో గడ్డ మీద చక్కెర చల్లినట్టు తెల్లటి రేణువులు కనిపించాయి. కాల్షియం అలా గుంపుకడితే క్యాన్సరును అనుమానించాలి. అల్ట్రాసౌండ్ మాత్రం అది ఉత్త నీటితిత్తి అంది.

సర్జన్ మామోగ్రామ్ పక్షం. రొమ్ము మొత్తం తీయాల్సి రావచ్చని, ముక్క తీసి పరీక్షించకముందే ఆమె చెవిన వేశాడు. బండలకు పాలిష్ పట్టే ఆమె భర్త దావీదు నా గదికి వచ్చాడు.

"ఈ రెండు మిషన్లూ తగువు పడతాండాయి మేడమ్. పెద్ద మిషన్లో ఏసి పంచాయితీ తెంపండి."

పెద్ద మిషన్ అంటే ఎంఆర్ఐ. సర్జన్ అడిగిందీ అదే, కాకపోతే ఇంగ్లీషులో. ఎంఆర్ఐకి ఆ రేణువులు కనబడవు. మాట మీద తగువొస్తే చెవిటాయన్ని సాక్ష్యానికి పిలిచినట్టు ఉంటుందని ఇద్దరికీ చెప్పాను. ఆ యంత్రాన్ని నా సొంతానికి దాచుకున్నట్టు ఇద్దరూ చూశారు.

ఫిల్ము మళ్లీ చూస్తే రేణువులు మరీ తెల్లగా ఉన్నాయి. వెళ్లి సువార్తమ్మను పరీక్షించాను. చర్మం ముడతల్లో సన్నటి తెల్లపొర.

"ఈడేం పూసినావమ్మా?"

"సున్నమూ బెల్లమూ పట్టేసినా మేడమ్, గడ్డ కరుగుతాదని."

"మందు, పౌడరు ఏమన్నా పూసినావా అని ఫిల్ము తీసేటప్పుడు అడగలేదా?"

"అడిగినారు. లేదంటి. సున్నం మందెట్లయితాది? అది మందైతే మీ కాడికెందుకొస్తా?"

వాదనలో లోపం లేదు. సున్నమంటే కాల్షియమే. సబ్బుతో కడిగించి మళ్లీ తీయిస్తే గడ్డ మీది రేణువులు మాయమయ్యాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను తప్ప. గడ్డకు దూరంగా, చంక వైపు, లోతున, కొన్ని రేణువులు కదలకుండా ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌కు అక్కడ ఏమీ కనబడలేదు.

"అదీ సున్నమే, వదిలేయండి మేడమ్," అన్నాడు సర్జన్. రొమ్ము తీసేద్దామన్న మనిషే. సున్నం చర్మం దిగి అంత లోపలికి నడిచిపోదని రెండు కోణాల ఫిల్ములూ చూపించి, బయాప్సీ రాశాను. ఆ రేణువులున్న చోటు నుంచి సూదితో ముక్క తీయడమన్నమాట.

దావీదు ఒప్పుకోలేదు. "గడ్డ నీళ్లేనంటిరి. లేని గడ్డకు సూదేంది మేడమ్?"

"పలకల మధ్య నలిగింది నేను," అంది సువార్తమ్మ. "నువ్వు గమ్మునుండు."

క్యాన్సరే. ఇంకా పాలనాళం గోడ దాటలేదు. ఆ భాగం వరకే తీసి రేడియేషన్ ఇచ్చారు. రొమ్ము నిలిచింది.

ఏ యంత్రం మేలని ఇప్పటికీ అడుగుతుంటారు. మామోగ్రామ్‌కు రేణువు తెలుస్తుంది, నీరు తెలియదు. అల్ట్రాసౌండ్‌కు నీరు తెలుస్తుంది, రేణువు అంతగా తెలియదు. ఆ వారం రెండూ నిజమే చెప్పాయి. సున్నం, నీరు, క్యాన్సరు మూడు వేర్వేరు సంగతులు. మూడింటినీ ఒకే గడ్డకు అంటగట్టింది మేము.